నడిస్తే పిక్క పట్టేస్తోంది, నిలబడితే తగ్గిపోతోంది. ఇది వయసేనా?

పెనుకొండ_పిల్లోడు
నాన్న సంగతి అడుగుతున్నా. 67 ఏళ్ళు, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఉగాది తర్వాత నుంచి బెంగళూరు మున్నేకొళాలలో మా దగ్గరే ఉంటున్నారు. షుగర్ ఎప్పటి నుంచో ఉంది, మాత్రలు వేసుకుంటారు. బీడీ మానేశానంటారు, చొక్కా మాత్రం వేరే చెబుతుంది.

నడుస్తుంటే కుడి పిక్క బిగుసుకుపోతుందంట. రెండు నిమిషాలు నిలబడితే ఏమీ లేనట్టు తగ్గిపోతుంది. మళ్ళీ బయల్దేరితే మళ్ళీ అంతే దూరానికి అదే నొప్పి. వచ్చిన కొత్తలో కూరగాయల మార్కెట్ దాకా వెళ్ళొచ్చేవారు. ఇప్పుడు సందు చివర మెడికల్ షాపు దగ్గర ఆగి, బోర్డు చదువుతున్నట్టు నిలబడిపోతున్నారు. బోర్డు కన్నడంలో ఉంది. ఆయనకి కన్నడం చదవడం రాదు.

ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీయించి అరుగుదల అని కాల్షియం, పైన రాసుకోవడానికి జెల్ ఇచ్చారు. గుణం లేదు. అమ్మేమో వాతం అంటోంది. పక్క ఫ్లాట్ అంకుల్ వెరికోస్ (సిరలు ఉబ్బే జబ్బు) అని తేల్చేసి బిగుతు మేజోళ్ళు కొనమన్నారు. ఆర్డర్ పెట్టాను. ఇలా ఎవరింట్లోనైనా ఉందా?

మారతహళ్ళి_మావయ్య
67 ఏళ్ళకి కాళ్ళు లాగకపోతేనే ఆశ్చర్యపోవాలి నాయనా. జీవితమంతా క్లచ్ తొక్కిన కాలు అది. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మర్దన, ఆ తర్వాత బకెట్‌లో వేడినీళ్ళు పోసి పాదాలు పెట్టించు. మా ఇంట్లో అందరికీ ఇదే వైద్యం.

బీటీఎం_బ్యాచిలర్
క్లచ్ తొక్కేది ఎడమ కాలు మావయ్యా. నొప్పి కుడికాలికి.

మారతహళ్ళి_మావయ్య
అయితే బ్రేకు తొక్కిన కాలు. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో తొక్కావా ఎప్పుడైనా?

నైట్‌డ్యూటీ_నెల్లూరు
వేడినీళ్ళు వద్దు. మేజోళ్ళు వచ్చినా కవర్ విప్పకండి.

నేను నర్సుని. చాలాకాలం రక్తనాళాల ఆపరేషన్ల వార్డులోనే చేశాను. మీరు రాసిన దాంట్లో మూడు మాటలు చూసి ఆగాను: ఒకే దూరానికి రావడం, నిలబడితే చాలు తగ్గిపోవడం, ఆ దూరం రోజురోజుకీ తగ్గుతూ రావడం. దీనికి తోడు షుగర్, బీడీ. ఇది కీళ్ళ నొప్పి తీరు కాదు. కాలికి రక్తం తీసుకెళ్ళే ధమని లోపల కొవ్వు పేరుకుని సన్నబడితే వచ్చే నొప్పి ఇలా ఉంటుంది. పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్ అంటారు.

షుగర్ ఉన్న పాదానికి స్పర్శ సరిగ్గా తెలియదు. వేడినీళ్ళకి బొబ్బ లేచినా తెలియదు. రక్తం చాలని పాదంలో ఆ బొబ్బ మానదు. మేజోళ్ళు సిరల జబ్బుకి మంచివే, కానీ అసలే రక్తం అందని కాలిని బయటి నుంచి ఇంకా బిగించినట్టవుతుంది.

ముందు ఇవి చూసి చెప్పండి: రెండు పాదాల్లో ఏది చల్లగా ఉంది? మోకాలి కింద వెంట్రుకలు ఉన్నాయా? వేళ్ళ మధ్య ఎక్కడైనా పగులు, పుండు ఉందా? రాత్రి నొప్పితో లేచి కాలు మంచం కిందికి వేలాడదీస్తున్నారా?

డిస్క్_బాధితుడు
అన్నీ రక్తనాళాలే అనుకోకండి. నాకూ అచ్చం ఇలాగే నడిస్తే రెండు కాళ్ళూ బరువెక్కేవి. చివరికి నడుములో నరాల దారి ఇరుకైందని తేలింది. అందరూ ఏవేవో చెప్పి నాకు ఏడాది దండగ.

నైట్‌డ్యూటీ_నెల్లూరు
అదీ కావచ్చు, కాదనను. మీకు ఊరికే నిలబడితే తగ్గేదా? కూర్చోవాలా?

డిస్క్_బాధితుడు
కూర్చోవాలి. లేదంటే ముందుకి వంగాలి. సూపర్ మార్కెట్‌లో ట్రాలీ మీద వాలి తోసుకుంటూ ఎంతసేపైనా తిరిగేవాణ్ణి. మా ఆవిడ నాకు షాపింగ్ పిచ్చి పట్టిందనుకుంది.

నైట్‌డ్యూటీ_నెల్లూరు
తేడా అక్కడే ఉంది. నడుము సమస్యకి వంగితే, కూర్చుంటే హాయి. రక్తం చాలనప్పుడు వంగక్కర్లేదు, నిటారుగా నిలబడినా తగ్గుతుంది, ఎందుకంటే కండకి కావాల్సింది పని ఆగడమే. రెండూ కలిసి ఉన్నవాళ్ళూ ఉంటారు, అందుకే పరీక్ష.

తిరుపతి_టు_వైట్‌ఫీల్డ్
నొప్పి వచ్చిందంటే మీ నాన్నగారు అదృష్టవంతులే. మా అమ్మకి రాలేదు.

అమ్మకి షుగర్ వచ్చి పదిహేనేళ్ళు దాటింది. పాదాలు తిమ్మిరి, మంట అనేది, అవి షుగర్‌తో దెబ్బతిన్న నరాలవని మాత్రలు ఇచ్చారు. పెద్దగా నడిచేదీ కాదు, అందుకని పిక్క నొప్పి అన్న మాటే రాలేదు. ఒక శ్రావణ శుక్రవారం గుడికి కొత్త చెప్పులేసుకుని వెళ్ళింది. చిటికెన వేలి పక్కన చిన్న ఒరుపు. మేం చూసేసరికి చింతగింజంత పుండు, చుట్టూ ఎర్రగా కూడా లేదు, పాలిపోయి ఉంది. దగ్గర్లోని ఓ నర్సింగ్ హోమ్‌లో రోజు విడిచి రోజు కట్టు కట్టారు, యాంటీబయాటిక్స్ మార్చారు. ప్రతిసారీ "షుగర్ పుండు కదా, టైమ్ పడుతుంది" అన్నారు. పాదం మీద నాడి ఆడుతోందో లేదో వేలు పెట్టి చూసినవాళ్ళు ఒక్కరు లేరు. వేలు నల్లబడ్డాక పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టర్ మొదట చేసిన పని అదే, మోకాలి వెనక, చీలమండ దగ్గర, పాదం మీద వేళ్ళు పెట్టి చూడటం. మోకాలి కింద నుంచి రక్తమే సరిగా పోవట్లేదన్నారు.

వేలు తీశారు. బెలూన్ పెట్టి నాళం తెరిచారు, కానీ అప్పటికే ఇన్ఫెక్షన్ పాదం లోపలికి పాకింది. చివరికి మోకాలి కింద దాకా తీసేశారు. ఇప్పుడు కృత్రిమ కాలితో నడుస్తోంది, వంట కూడా చేస్తుంది, నన్ను తిడుతుంది కూడా. కానీ కట్లు కట్టిన ఆ రోజుల్లో నాళాల్లో రక్తం ఎలా పోతోందో చూసే డాప్లర్ స్కాన్ ఒక్కటి తీసి ఉంటే అన్నది మాత్రం నాకు పోదు.

మారతహళ్ళి_మావయ్య
అమ్మగారి సంగతి విని బాధేసింది తల్లీ. కానీ పిల్లవాడు పిక్క నొప్పి అని అడిగితే కాలు తీసేయడం దాకా వెళ్ళాం. ఇలా భయపెడితే ఆ పెద్దాయన నడవడమే మానేస్తాడు.

ఓపీ_నుంచి_తప్పించుకున్నవాణ్ణి
జనరల్ ఫిజీషియన్‌ని. మావయ్యగారి మాటలో సగం ఒప్పుకుంటాను. నడిస్తే నొప్పి వచ్చే దశలో ఉన్నవాళ్ళలో కాలు తీసేయాల్సి వచ్చేది తక్కువమందికే, అయిదేళ్ళలో నూటికి ఒకరి నుంచి ముగ్గురికి. షుగర్, పొగ ఉంటే అంతకన్నా ఎక్కువ.

మిగతా సగం ఎవరూ అడగలేదు. కాలి ధమనిలో పేరుకున్నది కాలితో ఆగదు. గుండెకి వెళ్ళే నాళాల్లో, మెడలో మెదడుకి వెళ్ళే నాళాల్లో కూడా అదే జరుగుతూ ఉంటుంది. అదే అయిదేళ్ళలో వీళ్ళలో దాదాపు అయిదుగురిలో ఒకరికి గుండెపోటో పక్షవాతమో వస్తుంది. వీళ్ళు పోయేది ఎక్కువగా గుండెతోనే. అంటే పిక్క నొప్పితో వచ్చిన మనిషికి నేను ముందు చూడాల్సింది ఛాతీ. పూత మందు రాసుకుంటూ కూర్చుంటే జరిగే అసలు నష్టం ఇదీ.

పడుకున్నప్పుడు కూడా నొప్పి రావడం, పుండు మానకపోవడం, నలుపు తిరగడం, ఈ దశ వేరు. అక్కడ ఏమీ చేయకపోతే ఏడాదిలో సుమారు నలుగురిలో ఒకరికి కాలు పోతుంది, సుమారు అంతమందికి ప్రాణం పోతుంది.

పరీక్ష సులువైనదే. ఏబీఐ అంటారు. పడుకోబెట్టి చేతికీ, చీలమండకీ బీపీ పట్టీ కట్టి, చిన్న డాప్లర్ పెన్నుతో రెండు చోట్లా పైప్రెషర్ చూస్తారు. చీలమండ అంకెని చేతి అంకెతో భాగిస్తే 1 నుంచి 1.4 మధ్య ఉండాలి. 0.9 కన్నా తక్కువైతే జబ్బు ఉన్నట్టే. 0.4 కన్నా దిగితే తీవ్రం. సూది లేదు, నొప్పి లేదు, పావుగంట పని.

పెనుకొండ_పిల్లోడు
ఇప్పుడే చూశాను. కుడి పాదం స్పష్టంగా చల్లగా ఉంది. మోకాలి కింద వెంట్రుకలే లేవు, చర్మం నున్నగా మెరుస్తోంది. ఎడమ కాలికి ఉన్నాయి. బొటనవేలి గోరు మందంగా, పసుపు రంగులో. పుండ్లు లేవు. కాలు పైకెత్తి పట్టుకుంటే పాదం తెల్లగా పాలిపోయింది, కిందికి వేలాడదీస్తే కాసేపటికి ముదురు ఎరుపు. రాత్రి నొప్పి లేదంటున్నారు. అమ్మ ఉందంటోంది. ఇద్దరూ వాదించుకుంటున్నారు.

నైట్‌డ్యూటీ_నెల్లూరు
అమ్మ మాట నమ్మండి. ఈ వారమే వాస్కులర్ సర్జన్‌కి, అంటే రక్తనాళాల సర్జన్‌కి చూపించండి.

బీటీఎం_బ్యాచిలర్
మేజోళ్ళు రిటర్న్ పెట్టు బ్రో, ఆ వెబ్‌సైట్‌లో కారణం "పక్కింటి అంకుల్" అన్న ఆప్షన్ ఉండదు.

మూడో_సిగరెట్
ఒక డౌట్. నాకు 34. ఇది ముసలివాళ్ళకే కదా? పాదం అరికాలు నడిచేటప్పుడు పట్టేస్తోంది, చలికి వేళ్ళు తెల్లబడుతున్నాయి. షుగర్ లేదు, కొలెస్ట్రాల్ నార్మల్.

ఓపీ_నుంచి_తప్పించుకున్నవాణ్ణి
మీ పేరే సమాధానం చెబుతోంది. మీ వయసులో, పొగతాగేవాళ్ళకి బర్గర్స్ డిసీజ్ అని వేరే జబ్బు ఉంది. లియో బర్గర్ అనే డాక్టర్ 1908లో వివరించాడు, తినే బర్గర్‌తో సంబంధం లేదు. ఇందులో కొవ్వు పేరుకోదు, చిన్న నాళాలు వాచి గడ్డలతో మూసుకుపోతాయి. అరికాలు, చేతివేళ్ళు కూడా. మన దేశంలో బీడీ తాగే పడుచువాళ్ళలో బాగా చూస్తాం. పొగాకు పూర్తిగా ఆపితే చాలామందికి వేళ్ళు దక్కుతాయి. రోజుకి ఒకటి రెండు ఉంచుకుంటే జబ్బు సాగుతూనే ఉంటుంది. గుట్కా, ఖైనీ కూడా లెక్కే. మీకు ఇదే అని ఇక్కడ కూర్చుని చెప్పలేను. వెళ్ళి చూపించుకోండి.

మూడో_సిగరెట్
లైటర్ ఆఫీసు సెక్యూరిటీ అన్నకి ఇచ్చేశా. రేపు మళ్ళీ అడుగుతానేమో అని భయంగా ఉంది.

ప్రకృతి_పుత్ర
స్టెంట్లు, కత్తులు ఎందుకండీ? సెలైన్‌లో మందు కలిపి ఎక్కిస్తే నాళాల్లోని కాల్షియం కరిగి బయటికి పోతుంది. కీలేషన్ అంటారు. వారానికి రెండు సిట్టింగులు. మా మరిదికి మోకాళ్ళ నొప్పులు కూడా పోయాయి.

ఓపీ_నుంచి_తప్పించుకున్నవాణ్ణి
నడిస్తే వచ్చే కాలి నొప్పికి కీలేషన్ చేయవద్దని అమెరికా గుండె సంఘాల మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఒంట్లో కాల్షియం హఠాత్తుగా పడిపోయే ప్రమాదం కూడా ఉంది. మరిదిగారికి మోకాళ్ళు తగ్గినందుకు సంతోషం, ఈయన సమస్య మోకాలు కాదు.

కోరమంగళ_కరోడా
నేను చెప్పేది వినండి. ఈ జబ్బు నిజమే, కానీ పెద్దాసుపత్రికి వెళ్తే డాప్లర్ చూడగానే స్టెంట్ అంటారు. మా పెదనాన్నకి సరిగ్గా నడకలో నొప్పి మాత్రమే ఉంది. ఒక చోట వెంటనే యాంజియో చేసి తొడ దగ్గర స్టెంట్ వేశారు. బిల్లు లక్షల్లో. ఏడాది తిరక్కుండా మూసుకుపోయింది. బీడీ మాత్రం మాన్పించలేదు, కొలెస్ట్రాల్ మాత్ర ఇంట్లో ఎవరూ చూడలేదు.

తిరుపతి_టు_వైట్‌ఫీల్డ్
మా అమ్మకి బెలూన్ ఆలస్యంగా వేశారు, మీ పెదనాన్నకి తొందరగా వేశారు. రెండూ తప్పే అయ్యాయి కదా.

నైట్‌డ్యూటీ_నెల్లూరు
దశని బట్టి. పుండు ఉందా, పడుకున్నా నొప్పి ఉందా, అప్పుడు నాళం తెరవడం అత్యవసరం, బెలూనో బైపాసో. నడకలో మాత్రమే నొప్పి అయితే ముందు మందులు, నడక, పొగ మానడం. కొన్ని నెలలు చేసినా బతుకు సాగకపోతే అప్పుడు మాట్లాడాలి.

ఎక్కడికి అంటే, జయనగర్ వైపు జయదేవ గుండె ఆసుపత్రిలో రక్తనాళాల విభాగం ఉంది. వసంతనగర్‌లో మహావీర్ జైన్ ఆసుపత్రిలో ఇదే పనిగా చేసే జైన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పాదాల పుండ్ల కోసమైతే కర్ణాటక ఎండోక్రైనాలజీ సంస్థలో పాదాలకి ప్రత్యేక విభాగం ఉంది, అది ప్రభుత్వానిది. మూడూ తెలిసినవే, ఎవరికీ ప్రచారం చేయట్లేదు.

మారతహళ్ళి_మావయ్య
నడిస్తేనే నొప్పి అంటుంటే మందు కూడా నడకేనా? ఇదెక్కడి వైద్యం?

ఓపీ_నుంచి_తప్పించుకున్నవాణ్ణి
వింతగానే ఉంటుంది. కావేరీ నీళ్ళ పైపు సగం పూడుకుపోతే కుళాయి కింద బిందె నిండుతుంది, పైన ట్యాంకుకి మాత్రం చాలదు. కూర్చున్నప్పుడు కండకి చాలే రక్తం నడిచేటప్పుడు చాలదు. క్రమం తప్పకుండా నొప్పి వచ్చేదాకా నడిపిస్తే, ఉన్న కాస్త రక్తంతోనే పని చేయడం కండ నేర్చుకుంటుంది, పక్కదారి నాళాలకీ ఊతం దొరుకుతుంది. పద్ధతి ఉంది: ఓ మాదిరి నొప్పి వచ్చేదాకా నడవాలి, పూర్తిగా తగ్గేదాకా ఆగాలి, మళ్ళీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడుసార్లు, 12 వారాలు. పుండు ఉన్నవాళ్ళకి ఇది వర్తించదు. గుండె పరీక్ష చేయించాకే మొదలుపెట్టాలి.

పెనుకొండ_పిల్లోడు
వెళ్ళొచ్చాం. చేతి ప్రెషర్ 148. కుడి చీలమండ 90, ఎడమ 130. అంటే కుడి ఏబీఐ 0.61, ఎడమ 0.88. డాప్లర్‌లో కుడి తొడ ధమని బాగా సన్నబడిందని, ఎడమ వైపు కూడా మొదలైందని తేలింది. రాత్రి నొప్పి గురించి గుచ్చి గుచ్చి అడిగారు, అది మడమ దగ్గర మంట, షుగర్ నరాలదే అన్నారు. అలా అమ్మా నాన్నా ఇద్దరూ గెలిచారు.

ఈసీజీలో ఏదో పాత మార్పు ఉందని గుండె డాక్టర్‌కి పంపారు. ఎకో స్కాన్‌లో గుండె కొట్టుకునే బలం కొంచెం తగ్గిందని వచ్చింది. ఎప్పుడో చిన్న గుండెపోటు తెలియకుండా వచ్చి పోయి ఉండొచ్చట. నాన్నకి ఒక్కసారి కూడా ఛాతీ నొప్పి రాలేదు.

స్టెంట్ ఇప్పుడే వద్దన్నారు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ పెద్ద డోసు, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ ఇచ్చారు, బీపీ మందు మార్చారు. గుండె డాక్టర్ సరేనన్నాక నడక. బీడీ సంగతి డాక్టర్ అడిగితే నాన్న "మానేశాను సార్" అన్నారు. ఆయన నాన్న వేళ్ళు చూసి, "ఎప్పుడు, లిఫ్టు ఎక్కే ముందా?" అన్నారు. మొదటిసారి నాన్న సిగ్గుపడటం చూశాను.

కోరమంగళ_కరోడా
డాక్టర్‌ని అడిగి సిలోస్టజాల్ రాయించుకుని వేసుకోండి. నడక దూరం పెంచుతుంది, మా పెదనాన్న వాడారు.

ఓపీ_నుంచి_తప్పించుకున్నవాణ్ణి
గుండె బలం తగ్గి గుండె వైఫల్యం ఉన్నవాళ్ళకి సిలోస్టజాల్ ఇవ్వకూడదు. అందుకే ఈయనకి రాసి ఉండరు. ఇంట్లో ఎవరి దగ్గరో మిగిలిన మాత్రలు ఇవ్వకండి.

నైట్‌డ్యూటీ_నెల్లూరు
ఒక్క విషయం ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఏ రోజైనా కాలు హఠాత్తుగా చల్లబడి, తెల్లబడి, తట్టుకోలేని నొప్పి వచ్చి, వేళ్ళు కదలకపోతే, స్పర్శ పోతే, అది నాళం పూర్తిగా మూసుకుపోవడం. అపాయింట్‌మెంట్ కోసం ఆగేది కాదు. కండ ఆరు గంటల దాకా ఓర్చుకుంటుంది, ఆ తర్వాత దెబ్బతింటుంది. సాయంత్రం మారతహళ్ళి వంతెన దాటడానికి పట్టే టైమ్ కూడా అందులోంచే పోతుంది, అంబులెన్స్ పిలవండి. మర్దన చేస్తూ కూర్చోవద్దు.

పెనుకొండ_పిల్లోడు
అంటించాను. నడకకి చోటు చెప్పండి. మా సందులో ఫుట్‌పాత్ మీద బైకులు, పానీపూరీ బండి.

డిస్క్_బాధితుడు
సర్జాపూర్ రోడ్డు కైకొండ్రహళ్ళి చెరువు బాగుంటుంది, నేను తిరిగేది అక్కడే. కాకపోతే మున్నేకొళాల నుంచి వెళ్ళేలోపు నాన్నగారి ఓపిక కారులోనే అయిపోతుంది. ఉదయం మాల్స్ తెరవగానే వెళ్ళండి, ఏసీ, చదునైన నేల, ఆగాలంటే షాపుల ముందు నిలబడినా ఎవరూ అడగరు.

తిరుపతి_టు_వైట్‌ఫీల్డ్
చెప్పులు వద్దు. ముందు వేళ్ళకి చోటున్న బూట్లు, కాటన్ సాక్సులు. సాయంత్రం పాదాలు కొలిచి కొనండి, అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటాయి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడమనండి, మా అమ్మ బూటులో ఒకసారి చింతపిక్క దొరికింది. గోళ్ళు ఆయన్ని కోసుకోనివ్వకండి.

మారతహళ్ళి_మావయ్య
మీరంతా ఇంత గొడవ చేశారని నేనూ హెల్త్ చెకప్‌లో ఆ ఏబీఐ చేయించుకున్నాను. నాకు షుగర్ ఇరవై ఏళ్ళ నుంచి ఉంది. 1.52 వచ్చింది! మీ లెక్క ప్రకారం అందరికన్నా నాదే ఎక్కువ. నువ్వుల నూనె మహిమ.

ఓపీ_నుంచి_తప్పించుకున్నవాణ్ణి
మావయ్యగారూ, 1.4 దాటితే మంచిది కాదు. షుగర్ పాతబడ్డప్పుడు ధమని గోడల్లో కాల్షియం చేరి గట్టిపడతాయి, పట్టీ ఎంత బిగించినా నొక్కుకోవు, అందుకే అంకె తప్పుగా పైకి వస్తుంది. లోపల ఇరుకు ఉందో లేదో దాన్నిబట్టి చెప్పలేం. బొటనవేలి ప్రెషర్ చూపించుకోండి, వేలి నాళాలు అంత తొందరగా గట్టిపడవు.

బీటీఎం_బ్యాచిలర్
ఫస్ట్ ర్యాంక్ వచ్చి ఫెయిలైనవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా.

మారతహళ్ళి_మావయ్య
నవ్వకురా. ఆ బొటనవేలి పరీక్ష మారతహళ్ళిలో చేస్తారా, జయనగర్ దాకా వెళ్ళాలా? శనివారం ఉంటారా?

నైట్‌డ్యూటీ_నెల్లూరు
రక్తనాళాల ల్యాబ్ ఉన్న చోట చేస్తారు. ముందు ఫోన్ చేసి టో ప్రెషర్ ఉందా అని అడగండి. శనివారం మధ్యాహ్నం దాకా ఓపీ ఉండే చోట్లు చాలానే ఉన్నాయి. పాత షుగర్ రిపోర్టులు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పట్టుకెళ్ళండి. సీటీ యాంజియో రాస్తే అది తప్పకుండా అడుగుతారు.